వానాకాలం గోవా: పొడిగా ఉండే ఇల్లు పట్టుకోవడం ఎలా?

జూన్ రాగానే నాకు ఒకేరకం ఫోన్లు వస్తాయి. "గోవాలో రేట్లు పడిపోయాయట కదా, ఇప్పుడు వెళ్లొచ్చా? ఇల్లు ఎక్కడ తీసుకోమంటావ్?" అని. కిందటేడు మా బావమరిది అడగకుండానే బుక్ చేసేసి ఫోన్ చేశాడు. "బావా, స్విమ్మింగ్ పూల్ ఉన్న విల్లా, రోజుకు మూడు వేలే!" మూడోరోజు ఇంకో ఫోన్. "బావా, దుప్పట్లు పిండితే నీళ్లొచ్చేలా ఉన్నాయి. పూల్ పచ్చగా ఉంది. కరెంటు పోయి ఆరు గంటలైంది."

వాడు ధర చూసి ఇల్లు తీసుకున్నాడు, అదే తప్పు. సీజన్ కాని రోజుల్లో చవక ఇల్లు కోసం వెతకక్కర్లేదు, అందరూ తగ్గించే ఇస్తారు. వెతకాల్సింది పొడిగా ఉండే ఇల్లు. అందుకే కింద ఇంటి సంగతే ఎక్కువ రాశాను, మిగతావి తొందరగా ముగించేశాను.

1. ఏమేం ఉండవో ముందే తెలుసుకోండి

జూన్ నుంచి సెప్టెంబరు దాకా గోవాలో సుమారు 3000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. హైదరాబాద్‌లో ఏడాది మొత్తం కలిపినా 800 చిల్లర. మన టీవీల్లో బ్రేకింగ్ న్యూస్ అయ్యేంత వానలో అక్కడ పావ్‌లు అమ్మే పోదేర్ సైకిల్ హారన్ కొట్టుకుంటూ మామూలుగానే వచ్చేస్తాడు.

ఈ నెలల్లో ఉండనివి:

- సముద్రంలో ఈత. ఒడ్డున ఎర్రజెండాలు ఉంటాయి.
- బీచ్ షాక్‌లు. ఇసుకలో వేసే ఈ తాత్కాలిక హోటళ్లను మే చివరికే విప్పేస్తారు. పాలోలెంలో కర్రల కాటేజీలదీ అదే కథ.
- పారాసెయిలింగ్, జెట్ స్కీ లాంటివి. సెప్టెంబరు మధ్య దాకా ఆగాలి.
- దూద్‌సాగర్ జీపు ప్రయాణం. మిగతా జలపాతాల దగ్గర కూడా ఆంక్షలు పెడుతుంటారు.
- జూన్ 1 నుంచి జూలై 31 దాకా తాజా సముద్రపు చేప. ఆ 61 రోజులు మరపడవల వేట నిషేధం.

మీ గ్యాంగ్ వెళ్లేదే వీటి కోసమైతే టికెట్లు నవంబరుకు మార్చుకోండి. ముసురులో వసారాలో కూర్చుని టీ తాగడం, పచ్చటి పొలాల మధ్య తిరగడం, పణజీలో పాత పోర్చుగీసు పేట ఫోంటెన్యాస్ వీధుల్లో జనం లేకుండా నడవడం సరిపోతుందనుకుంటే ఇక చదవండి.

2. తేదీలు ఇలా ఎంచుకోండి

జూలైలో వాన ఎక్కువ. మొదటిసారి వెళ్లేవాళ్లకు అది వద్దంటాను. ఆగస్టు 15కు ముందూ వెనకా సెలవులు కలిసొస్తే ఆఫ్‌సీజన్ అన్నమాట ఉత్తదే. బెంగళూరు, పుణె, మన హైదరాబాద్ అంతా అక్కడే ఉంటుంది, రేట్లు ఎగిరి కూర్చుంటాయి. బోనాల సెలవుకు శని, ఆదివారాలు కలుపుకుని వెళ్లేవాళ్లూ తక్కువేం కాదు.

చాలామందికి తట్టని సంగతి వినాయక చవితి. గోవా హిందువులకు ‘చవత్’ అన్నిటికన్నా పెద్ద పండగ. ఆ నాలుగైదు రోజులు పనివాళ్లు సొంతూళ్లకు వెళ్లిపోతారు, చాలా దుకాణాలు మూసేస్తారు. కేర్‌టేకర్ ఉండడు, ఇల్లు ఊడ్చే మనిషి రాదు. ఆ వారం వదిలేయండి.

నాకు నచ్చేది చవితి అయ్యాక సెప్టెంబరు చివరి దాకా ఉన్న సమయం. వాన తెరిపి ఇస్తుంది, చేపలు వస్తాయి, ధరలు ఇంకా పెరగవు. ఏ నెలైనా ఆదివారం చేరి గురువారం బయల్దేరేలా చూసుకోండి. శుక్రవారం రేటు వేరు.

ఈ లెక్క సూర్యలంకకో, చీరాల వాడరేవుకో పట్టుకెళ్లకండి. తూర్పు తీరంలో చేపల నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. అక్కడ భయపడాల్సింది అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య తుఫానులకు. 2023లో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న.

3. ఏ ఊళ్లో దిగాలి?

కాండోలిం, కలంగూట్ వైపు వానల్లోనూ మందుల షాపులు, ఏటీఎంలు, హోటళ్లు తెరిచే ఉంటాయి. పిల్లలతో వెళ్లేవాళ్లకు ఇదే సుఖం. మెయిన్ రోడ్డు మీద కాకుండా లోపలి సందుల్లో చూడండి.

మాండ్రెం, ఆరంబోల్ ప్రశాంతంగా ఉంటాయి. కానీ సగం ఊరు తాళం వేసి ఉంటుంది, రాత్రి ఎనిమిదికి తిండి దొరక్కపోవచ్చు. దక్షిణాన పాలోలెం, అగోండా కూడా అంతే.

బెనాలిం, కోల్వా నాకిష్టం. మడ్గావ్ దగ్గర, పెద్ద మార్కెట్టు, ఆసుపత్రులు, రైల్వే స్టేషను అన్నీ అక్కడే. పెద్దవాళ్లు వెంట ఉంటే పణజీలోనే దిగండి. మీరామార్ బీచ్ పక్కనే, నడిచే వీధులు బాగుంటాయి.

విమానంలో వెళ్తే ముందు ఊరు, తర్వాత టికెట్. మోపా విమానాశ్రయం ఉత్తరాన, దాబోలిం వాస్కో దగ్గర. మోపాలో దిగి పాలోలెం వెళ్లడమంటే రాష్ట్రం ఈ చివర నుంచి ఆ చివర దాకా టాక్సీ కట్టుకోవడమే.

4. ఇంటి వేట: ఫొటోలు పక్కన పెట్టి వీడియో కాల్ అడగండి

ఆన్‌లైన్‌లో కనిపించే ఫొటోలన్నీ డిసెంబరులో తీసినవి. ఎండ, నీలం ఆకాశం, గోడకు కొత్త సున్నం. మీరు చూడాల్సింది జూలై ఇల్లు.

అందుకని మూడు నాలుగు ఇళ్లు ఏరుకున్నాక ఓనరుకు గానీ కేర్‌టేకర్‌కు గానీ ఫోన్ చేసి, "అక్కడ వాన గట్టిగా పడుతున్నప్పుడు ఒక్కసారి వీడియో కాల్ చేయండి" అనండి. హిందీ వస్తే చాలు. చేయనన్న ఇల్లు వదిలేయండి, ఇంకో పది ఖాళీగా ఉంటాయి. ఆఫ్‌సీజన్‌లో మన చేతిలో ఉండే బలం ఇదే.

కాల్‌లో ఈ వరుసలో చూపించమనండి:

- పడకగది పైకప్పు నాలుగు మూలలు. పసుపు మరకలు పాత కారుడు, నల్లచుక్కలు బూజు.
- బీరువా తలుపు తీసి లోపల. ఇల్లెంత చెమ్మగా ఉందో గోడకన్నా బీరువా ముందు చెబుతుంది.
- పరుపు ఒక అంచు ఎత్తి కింద వైపు.
- కిటికీలు మూసి గడియ పెట్టి. వాన నీళ్లు లోపలికి వస్తున్నాయా?
- వంటగదిలో గ్యాస్ పొయ్యి వెలిగించి.
- వసారా. బట్టలు ఆరేయడానికి కప్పు కింద దండెం కట్టే చోటుందా?
- చివరగా గేటు దాటి మెయిన్ రోడ్డు దాకా. ఎర్రమట్టి దారైతే వానలో స్కూటర్ జారడం ఖాయం.

బెనాలింలో ఒక పెద్దావిడ ఇలాగే కాల్ చేసింది. నేను అడగకముందే ఫోన్ పైకి తిప్పి పెంకుల కింద దూలం పక్కన అరచేయంత మరక చూపించింది. "కిందటేడు ఇక్కడ కారింది బాబా, మే నెలలో పెంకులన్నీ దించి మళ్లీ పేర్పించాను" అంది. వాన హోరులో ఆవిడ మాట సగమే వినిపించింది గానీ మరక కింద నేల పొడిగా ఉండటం కనిపించింది. ఆ ఇల్లే తీసుకున్నాను. రెండు పడకగదులు, రోజుకు 2400, ఆరు రాత్రులు. ఒక్క చుక్క పడలేదు.

అక్కడి నుంచే నాకో ప్రశ్న దొరికింది. పాత మంగళూరు పెంకుటిల్లు అయితే "ఈ మే నెలలో పెంకులు సర్దించారా?" అని అడగండి. అవునని ఎవరైనా అంటారు. "ఏ వైపు మార్చారు?" అంటే మాత్రం చేయించినవాళ్లే తడుముకోకుండా చెప్పగలరు.

రెండో ప్రశ్న: "ఇంట్లో చివరిసారి ఎవరు, ఎప్పుడున్నారు?" నెలరోజులు తాళం వేసి ఉన్న ఇల్లు ఎంత మంచిదైనా ముక్కిపోయిన వాసన వేస్తుంది. మీరు రావడానికి రెండు రోజుల ముందు తలుపులు తీసి, ఫ్యాన్లు వేసి ఉంచమనండి. ఆ మాట వాట్సాప్‌లో రాయించుకోండి.

మూడోది కరెంటు. "బ్యాకప్ ఉందా?" అంటే "ఉంది" అంటారు. చాలా ఇళ్లలో ఉన్న ఇన్వర్టరుతో ఫ్యాన్లు, లైట్లు తిరుగుతాయి, ఏసీ తిరగదు. ఏసీ కూడా నడవాలంటే జనరేటర్ ఉండాలి. ఏది ఉంది, ఎన్ని గంటలు వస్తుంది, డీజిల్ ఎవరిది, ఈ మూడూ విడివిడిగా అడగండి. ల్యాప్‌టాప్‌తో పనిచేసేవాళ్లు వైఫై రౌటర్ ఇన్వర్టర్ లైను మీద ఉందో లేదో కూడా కనుక్కోవాలి. నేను ఒకసారి ఇది అడగడం మరిచి, మీటింగ్ మధ్యలో రోడ్డు మీదకు పరిగెత్తి సిగ్నల్ వెతుక్కున్నాను.

ఏ అంతస్తు? నేలమీద ఇంటికి అడుగు నుంచి చెమ్మ, తోట నుంచి కప్పలు, పురుగులు, అప్పుడప్పుడు పామూ. పై అంతస్తుకు కప్పు భయం. మూడంతస్తుల కాంక్రీటు బిల్డింగులో మధ్య ఫ్లాటు దొరికితే కళ్లు మూసుకుని తీసుకోండి, చూడటానికి ఎంత మామూలుగా ఉన్నా సరే.

సముద్రం కనిపించే గదికి ఎక్కువ డబ్బు పెట్టకండి. ఆ వైపు గాలివానకు కిటికీ తెరవలేరు, ఉప్పు తుంపర అద్దాలకు పట్టి ఏమీ కనిపించదు. తీరానికి అర కిలోమీటరు నుంచి కిలోమీటరు లోపలికి, చుట్టూ ఇళ్లున్న చోట చూడండి. పొలాల మధ్య ఒంటరి విల్లా ఫొటోలో బాగుంటుంది. చెట్టు విరిగి తీగలు తెగితే కరెంటు ఆలస్యంగా వచ్చేది కూడా దానికే.

స్విమ్మింగ్ పూల్ ఉంటే "ఫిల్టరు రోజూ నడుపుతున్నారా?" అని అడిగి, ఇప్పుడు తీసిన ఫొటో పంపమనండి. మా బావమరిది గుర్తున్నాడుగా.

5. డబ్బు ఇచ్చే ముందు

బేరం ఆడండి, కానీ రేటు ఒక్కటే పట్టుకుని వేలాడకండి. ఇంకో రెండొందలు తగ్గించమనేకన్నా నాలుగు రాత్రులు దాటితే దుప్పట్లు మధ్యలో ఒకసారి మార్చమనండి, బట్టలు ఆరబెట్టే మెషీన్ వాడుకోనివ్వమనండి. ఆ వానల్లో దాని విలువ ఎక్కువ.

పన్ను కలిపే చెప్పారా అని అడగాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజు అద్దె 7500 దాకా ఉన్న గదులకు జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం. వారం పైన ఉంటే కొందరు కరెంటు మీటరు ప్రకారం విడిగా తీసుకుంటారు. యూనిట్ ఎంతో ముందే తేల్చుకోండి.

లేని విల్లాలకు అడ్వాన్సు వసూలు చేసే మోసగాళ్లు వానాకాలంలో సెలవు పెట్టరు. పంపేముందు:

- ఫొటోను గూగుల్‌లో వెతకండి. అదే ఇల్లు వేరే ఊరి పేరుతో కనిపిస్తే ఆగిపోండి.
- గోవా పర్యాటక శాఖ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. హోమ్‌స్టేలకు అది తప్పనిసరి.
- వీడియో కాల్‌లో గేటు బయట ఇంటి పేరో నంబరో చూపించమనండి.
- యూపీఐలో వచ్చే పేరు, మీతో మాట్లాడిన మనిషి పేరు ఒకటేనా చూడండి.
- నాలుగో వంతుకు మించి అడ్వాన్సు ఇవ్వకండి. మిగతాది ఇల్లు చూశాకే.

"రైలు, విమానం రద్దయితే తేదీ మార్చుకోవచ్చా?" అనేదీ రాతలో ఉండాలి. డబ్బు తిరిగివ్వడానికి ఒప్పుకోరు, తేదీ మార్చడానికి దాదాపు అందరూ ఒప్పుకుంటారు.

6. ప్రయాణం

సికింద్రాబాద్ నుంచి వాస్కోకు వారానికి రెండు రోజులు నడిచే రైలు 2024 అక్టోబరులో మొదలైంది. దూద్‌సాగర్ మీదుగా వెళ్తుంది, వానాకాలంలో ఆ ఘాట్ చూడటానికే ఎక్కొచ్చు. కొండచరియలు పడితే ఆలస్యం తప్పదు, కాబట్టి చేరిన రోజు ఇంకేమీ పెట్టుకోకండి.

లక్డీకాపూల్, కూకట్‌పల్లి, మియాపూర్‌ల నుంచి స్లీపర్ బస్సులున్నాయి. డిక్కీలో పెట్టే బ్యాగు తడిసే చేరుతుంది, పెద్ద ప్లాస్టిక్ కవరులో చుట్టి ఇవ్వండి. సొంత కారులో ఘాట్ రోడ్డు దిగేవాళ్లు చీకటి పడకముందే దిగేలా బయల్దేరాలి.

గోవాలో ఓలా, ఊబర్ మీద ఆశ పెట్టుకోకండి. గోవామైల్స్ యాప్ ముందే వేసుకోండి, లేదా ఓనరునే టాక్సీ మాట్లాడమనండి.

7. సర్దుకోవాల్సినవి

జీన్స్ వద్దు. తడిస్తే మూడురోజులకు గానీ ఆరదు. తోలు చెప్పులు, బెల్టులు ఇంట్లో వదిలేయండి, బూజు పడతాయి.

- చొక్కా, ప్యాంటు విడిగా ఉండే రెయిన్‌కోటు. గొడుగు గాలికి తిరగబడుతుంది.
- వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు
- పలుచటి నైలాన్ తాడు, క్లిప్పులు
- జిప్ కవర్లు, టార్చి, పవర్ బ్యాంకు
- రెండు పలుచటి దుప్పట్లు, దిండు గలీబులు మీవే
- దోమల మందు, జ్వరం మాత్రలు, ఓఆర్ఎస్

ఆవకాయ తీసుకెళ్లేవాళ్లు సీసా మూతకు టేపు వేయండి. ఎందుకో చెప్పను.

8. తాళం తీశాక మొదటి గంట

సంచులు విప్పకండి. ముందు ఇల్లు చూడండి. వానలో వచ్చి అలసిపోయి, "రేపు చూద్దాంలే" అనుకుంటారు. రేపటికి ఆ తప్పులు మీ ఖాతాలో పడతాయి.

ముందు గోడలు, మరకలు, పగిలినవి ఏమున్నా వీడియో తీసి ఓనరుకు పంపండి. కరెంటు మీటరు ఫొటో కూడా. తర్వాత మెయిన్ స్విచ్ ఒక్క నిమిషం ఆపమని కేర్‌టేకర్‌ను అడిగి ఇన్వర్టర్ నిజంగా అందుకుంటుందో చూడండి. గీజర్, ఫ్లష్, అన్ని గడియలు పరీక్షించండి.

సమస్య ఉంటే ఇలా:

- పరుపు చెమ్మగా ఉంటే: ఇంకో గదిలోది మార్చమనండి. లేదంటే ఏసీని డ్రై మోడ్‌లో రెండు మూడు గంటలు నడిపి, పరుపు గోడకు నిలబెట్టండి.
- బీరువా వాసన వేస్తుంటే: అందులో ఏమీ పెట్టకండి. బట్టలు సూట్‌కేసులోనే ఉంచి దాన్ని స్టూలు మీద పెట్టండి.
- కప్పు కారుతుంటే: గది మార్చమనండి. బకెట్ పెడతామంటే ఒప్పుకోకండి. మిగతా డబ్బు ఇంకా మీ దగ్గరే ఉందని గుర్తుంచుకుని మాట్లాడండి.
- మెట్లకు పాకుడు ఉంటే: అప్పటికప్పుడు బ్లీచింగ్ వేసి రుద్దించండి. గోవా వానల్లో నాకు తెలిసినవాళ్లు ఎక్కువమంది జారిపడింది ఇంటి మెట్ల మీదే.

9. ఉన్నన్ని రోజులు

పొద్దున వాతావరణ శాఖ హెచ్చరిక చూడండి. రెడ్ అయితే ఇంట్లోనే ఉండండి. అలల హెచ్చరికలు ఇచ్చేది మన ప్రగతినగర్‌లో ఉన్న సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్. హైదరాబాద్ నుంచే గోవా సముద్రాన్ని చూస్తుంటారు, బయల్దేరేముందు వాళ్ల వెబ్‌సైటు తెరవండి.

ఎర్రజెండా ఉన్నచోట "మోకాళ్ల దాకేగా" అని దిగకండి. వెనక్కి పోయే అల కాళ్ల కింద ఇసుకను లాగేస్తుంది, పడ్డాక లేవనివ్వదు. లైఫ్‌గార్డు విజిల్ వేస్తే అతనితో వాదించకండి. నల్లరాళ్ల మీద సెల్ఫీలూ అంతే.

స్కూటర్ అద్దెకు తీసుకుంటే నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలున్నదే తీసుకోండి. తెల్ల ప్లేటు బండి అద్దెకిస్తే చట్టవిరుద్ధం, పోలీసులు ఆపితే ఇబ్బంది మీకే. బ్రేకులు, టైర్లు చూసి, గీతలు వీడియో తీసి, అప్పుడు తాళం తీసుకోండి. చీకటి పడ్డాక నడపొద్దు. వాన తగ్గిన తారు వెచ్చగా ఉంటుందని ఆవులన్నీ రోడ్డు మీదే పడుకుంటాయి.

జూన్, జూలైల్లో హోటల్లో వంజరం వేపుడు అడిగితే వచ్చేది ఐస్‌లో పెట్టినదే. దానికన్నా ఏటి చేప, గుల్లలు, ఎండుచేప కూర అడగండి. పొద్దున సైకిల్ హారన్ వినిపిస్తే గిన్నె పట్టుకుని గేటు దగ్గరికి వెళ్లండి, వేడి పావ్ దొరుకుతుంది. ఆలస్యమైతే పక్కసందులోకి వెళ్లిపోతాడు.

10. ఖాళీ చేసే రోజు

ముందురోజు రాత్రే ఓనరుకు టైము చెప్పండి. కేర్‌టేకర్ ఎదురుగా గదులన్నీ తిరిగి, మీటరు చూపించి, డిపాజిట్ కట్టి ఉంటే అక్కడే యూపీఐలో తిరిగి వేయించుకోండి. "హైదరాబాద్ చేరాక పంపిస్తాను" అన్న డిపాజిట్ కోసం నేను నెలన్నర ఫోన్లు చేశాను.

తడిబట్టలు జిప్ కవర్లో మూసి పెట్టకండి, పేపర్లో చుట్టండి. పర్మిట్ లేకుండా మందు సీసాలు తేకండి, తెలంగాణ ఎక్సైజ్ వాళ్లు రైళ్లలో, విమానాశ్రయంలో పట్టుకుంటున్నారు. ఇంటికొచ్చాక సూట్‌కేసు ఖాళీ చేసి, మూత తెరిచి, రెండు రోజులు బాల్కనీలో పెట్టండి. అటక మీదకు ఎక్కించేది ఆ తర్వాతే.